బావ నిద్రపోలేదు

పీట మాస్టర్ అంటే ఆ బజారులో తెలియనివాళ్లు లేరు. మనిషి పొట్టి. కుర్రతనంలో కుట్టుపనికి చేరినప్పుడు గుడ్డ కత్తిరించే బల్ల అతని గుండెల దాకా వచ్చేది. ఒక చెక్కపీట లాక్కుని, దాని మీద నిలబడి కత్తెర పట్టాడు. తర్వాత సొంత దుకాణం పెట్టుకున్నాడు, తన ఎత్తుకు తగ్గట్టు బల్ల చేయించుకున్నాడు. పీటతో అవసరం తీరిపోయింది కానీ పేరు మాత్రం అతుక్కుపోయింది. అందుకు అతనేమీ నొచ్చుకోలేదు. "పొడుగు మాస్టర్లు వీధికి నలుగురున్నారు. పీట మాస్టర్ని నేనొక్కణ్నే" అనేవాడు.

తల్లి పోయేనాటికి అతనికి ఇంకా ఊహ తెలియదు. స్నానం చేయించి, తల దువ్వి, బడికి పంపి పెంచింది అక్కే. తమ్ముణ్ని వదిలి రానని పెళ్లిచూపుల్లోనే ఆమె తేల్చి చెబితే, వచ్చిన పెళ్లికొడుకు నవ్వాడట. "వదిలొస్తానన్నా నేనొప్పుకోను. నా మాటలు వినడానికి ఇంట్లో ఒకడు కావాలి" అన్నాడట. అలా ఆ ఇంటికి అక్క కోడలిగా వెళ్తే, తమ్ముడు ఆమె కొంగు పట్టుకుని వెళ్లాడు.

బావ దూరప్రాంతాల బస్సు డ్రైవరు. నిట్టాడులాంటి మనిషి. మామూలు కుర్చీలో కూర్చుంటే మోకాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. ఇంట్లో ఎంత వాగుడుకాయో, స్టీరింగ్ ముందు అంత మౌని. తన చేతిలో ఒక్క బస్సుకి కూడా గీత పడలేదన్నది ఆయన గొప్ప. దాన్ని ఎవరైనా మెచ్చుకుంటే మాత్రం సిగ్గుపడి, "వెనక సీట్లన్నిటా మా అత్తగార్లే కూర్చున్నారనుకుని నడుపుతాను, అంతే" అనేవాడు. బామ్మర్దిని కుట్టుపనిలో చేర్పించిందీ ఆయనే, మొదటి మిషను కొనిచ్చిందీ ఆయనే. అతను కుట్టిన మొట్టమొదటి ప్యాంటు ఒక కాలు పొడుగు, ఒక కాలు పొట్టి వస్తే, దాన్నే తొడుక్కుని వీధంతా తిరిగొచ్చిందీ ఆయనే. "మా బామ్మర్ది కుట్టాడు. రోడ్డు ఏటవాలుగా ఉన్నచోట బ్రహ్మాండంగా ఉంటుంది" అని ఆ రోజు అందరికీ చూపించాడు.

నడివయసులో మాస్టర్ ఒక పాత కారు కొన్నాడు. నడపడం నేర్పింది బావే. బామ్మర్ది నేర్చుకున్నాడు గానీ నిమ్మళం మాత్రం అలవడలేదు. "కత్తెర ఆడించినట్టు ఆడిస్తున్నావు బామ్మర్దీ. ఇది గుడ్డ కాదు, రోడ్డు. తప్పు కోస్తే మళ్లీ అతకదు" అని బావ కసిరేవాడు.

బావ ఉద్యోగ విరమణకి కొన్ని నెలలుందనగా, ఇద్దరూ కలిసి పక్క ఊరి మిల్లుకి వెళ్లారు. ఒక బడి పిల్లల యూనిఫాంలకు గుడ్డ చూడాలి. వెళ్లేటప్పుడు బావ నడిపాడు. తిరుగు ప్రయాణంలో దారి పక్కన ఆగి టీ తాగారు. సన్నగా చినుకులు పడుతున్నాయి. గ్లాసు పట్టుకుని బావ ఏదో అన్నాడు, మాస్టర్ నవ్వాడు. మాస్టర్‌కి గుర్తున్నది అంతవరకే. ఆ తర్వాత కళ్లు తెరిస్తే ఆస్పత్రి కప్పు కనిపించింది.

మలుపు దగ్గర కారు రోడ్డు దిగి కల్వర్టు గోడని గుద్దుకుంది. చుట్టుపక్కల పొలాల్లో ఉన్నవాళ్లు పరుగెత్తుకొచ్చారు. ముందు తలుపులు రెండూ బిగుసుకుపోతే, వెనక తలుపులోంచి ఇద్దర్నీ బయటికి లాగారు. ఆ హడావుడిలో ఎవరు ఏ సీట్లో ఉన్నారో ఎవరూ చూసుకోలేదు. బావ దారిలోనే పోయాడు. మాస్టర్‌కి చెయ్యి విరిగింది, తలకి దెబ్బ తగిలింది. ప్రాణానికి ప్రమాదం లేదన్నారు.

మర్నాడు ఒక కానిస్టేబులు వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు. పాపం, అతను ఇంకా ఎన్ని చోట్లకి తిరగాలో.

"మీ బావగారు బస్సు డ్రైవరంట కదా?"

"అవునండి."

"అయితే కారు ఆయనే నడుపుతున్నారన్నమాట?"

మాస్టర్‌కి నిజంగానే ఏమీ గుర్తులేదు. గుర్తులేదనే చెప్పొచ్చు. కానీ ఆ ప్రశ్నలోనే జవాబు ఇస్త్రీ చేసి మడతపెట్టి ఉంది, తీసుకోవడమే తరువాయి.

"ఊఁ" అన్నాడు.

కానిస్టేబులు రాసుకుని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం మొదటిసారి లేచి, గోడ పట్టుకుని స్నానాల గదికి వెళ్లాడు. అద్దం ముందు ఆస్పత్రి చొక్కా ముడి విప్పుకున్నాడు. కుడి భుజం మీద మొదలై, రొమ్ముకి అడ్డంగా ఎడమ నడుము దాకా నల్లగా కమిలిన పట్టీ. సీటు బెల్టు ఒరుసుకున్న గుర్తు. అద్దంలో కుడి ఎడమలు తారుమారవుతాయని మామూలు మనిషైతే కాసేపు తికమకపడతాడేమో. రోజూ మనుషుల్ని అద్దం ముందు నిలబెట్టి భుజాలు సరిచూసేవాడికి ఆ వెసులుబాటు కూడా లేదు. అది కుడి భుజమే. కారుకి స్టీరింగ్ కుడివైపు ఉంటుంది. కుడి భుజం మీదుగా బెల్టు వచ్చేది నడిపేవాడికే.

నేల మీద చతికిలబడ్డాడు. నర్సు తలుపు తట్టింది. "కళ్లు తిరిగాయా?" అంది. అవునన్నాడు. అది కూడా అబద్ధమే.

అప్పుడే ఆ కానిస్టేబుల్ని వెనక్కి పిలిపించి ఉంటే సరిపోయేది. తల దెబ్బతో మత్తులో ఉండి ఏదో అన్నాను, తప్పయింది అంటే ఎవరూ తప్పుపట్టేవాళ్లు కాదు. రేపు చెబుదామనుకున్నాడు. మర్నాడు భార్య ఇంటి నుంచి చొక్కాలు తెచ్చింది. చొక్కా మారుస్తూ ఆ మచ్చ చూసింది.

"ఇదేంటండీ?"

"సీటు బెల్టు."

ఆమె వేళ్లు కాసేపు గుండీ మీద ఆగిపోయాయి. ఆ కారులో ఆమె ఎప్పుడూ ఎడమవైపే కూర్చునేది, బెల్టు ఎడమ భుజం మీదే పడేది. మచ్చ వంక, మొగుడి మొహం వంక మార్చి మార్చి చూసింది. తర్వాత కింది నుంచి మెడ దాకా అన్ని గుండీలూ పెట్టేసింది.

"చెప్తే మాత్రం అన్నయ్యగారు లేచొస్తారా?" అంది, చాలా చిన్నగా. ఆ మాట అనేసి తలతిప్పుకుని ఏడ్చింది. ఆ తర్వాత ఆ మచ్చ గురించి మొగుడూ పెళ్లాలు మళ్లీ మాట్లాడుకోలేదు. ఆమె రోజూ వచ్చి గుండీలు పెట్టి వెళ్లేది.

అంతటితో ఆగినా కొంత నయం. ఆ వారంలోనే బస్సు డిపో నుంచి బావ తోటి డ్రైవరు ఒకాయన వచ్చాడు. పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, చేతులు నలుపుకున్నాడు.

"మా కాలికి ముల్లు గుచ్చుకున్నా మీ బావకే చెప్పుకునేవాళ్లం. అట్లాంటి మనిషి తిన్నగా గోడకి కొట్టాడంటే నమ్మబుద్ధి కావట్లేదు. ఆయన ఫోటో డిపోలో పెట్టాలని అనుకున్నాం. ఇట్లా జరిగాక మేనేజరు వద్దన్నాడు. అసలేమైంది మాస్టరూ? మీరు పక్కనే ఉన్నారుగా?"

ఏదో ఒకటి చెప్పకపోతే ఆ మనిషి లేవడు. ఇంకా అడుగుతాడు, తవ్వుతాడు.

"పొద్దున్నే లేచాడు కదా. కాస్త కునుకు పట్టినట్టుంది" అన్నాడు మాస్టర్.

డ్రైవరు తల దించుకున్నాడు. "అంతేలెండి. నిద్రకి ఎవడైనా ఒకటే" అని లేచి వెళ్లిపోయాడు.

మాస్టర్ తర్వాతి రోజుల్లో వేలసార్లు తలుచుకున్నది ఈ సంగతినే. మొదటి అబద్ధం ఇంకొకరు చేతిలో పెట్టింది. ఈ రెండోది తనే కత్తిరించాడు, తనే కుట్టాడు, కాజాలతో సహా. అది ఎంత చక్కగా కుదిరిందంటే, అతను ఇంటికి చేరేలోపే ఊరంతా తొడుక్కుంది. పాలు పోసేవాడు పరామర్శకి వచ్చి, "వయసైపోయాక స్టీరింగ్ పట్టకూడదండీ" అన్నాడు. పక్క దుకాణంవాడు, "రిటైరయ్యే ముందు ఎంత అపకీర్తి" అన్నాడు. బావకి చుక్క ముట్టే అలవాటు లేదని తెలిసినవాళ్లు కూడా, ఏమో ఆ రోజు పుచ్చుకున్నాడేమోనని చెవులు కొరుక్కున్నారు. మాస్టర్ తల వంచుకుని వినేవాడు. దుఃఖంలో ఉన్నాడు పాపమని వాళ్లు అనుకునేవారు. ఆ జాలి ఒంటి మీద తేళ్లు పాకినట్టుండేది.

అక్క మాత్రం ఏమీ అడగలేదు. ఆస్పత్రికి వచ్చింది, ఇంటికీ వచ్చింది. వచ్చినప్పుడల్లా అతని ఎదురుగా కూర్చుని, "చెయ్యి ఎలా ఉందిరా?" అనేది. బాగుందంటే, "ఇంకేంటి సంగతులు?" అనేది. ఏం లేవనేవాడు. ఇంకాసేపు కూర్చుని, అతని మొహంలోకే చూస్తూ ఉండి, లేచి వెళ్లిపోయేది. ఆమెకేం తెలియదులే అనుకుని అతను ఊపిరి పీల్చుకునేవాడు. ఆ ఊపిరి పీల్చుకున్నందుకు మళ్లీ కుంగిపోయేవాడు. ఒంటి మీది మచ్చ నలుపు నుంచి ఆకుపచ్చకి, ఆకుపచ్చ నుంచి పసుపుకి తిరుగుతోంది. రోజూ పొద్దున అద్దం ముందు నిలబడి అది ఎంత తగ్గిందో చూసుకునేవాడు. మానుతున్న గాయాన్ని చూసుకునే చూపు కాదది. జేబు కొట్టినవాడు పారిపోయే సందు వెతుక్కునే చూపు.

మచ్చ పూర్తిగా పోయిన తర్వాత పోలీసు స్టేషను నుంచి కబురొచ్చింది. ఫైలు కొత్తగా వచ్చిన ఇన్‌స్పెక్టరమ్మ చేతికి వెళ్లింది. కారు ఒకసారి చూపిస్తాం, రమ్మన్నారు.

స్టేషను వెనక ఖాళీ స్థలంలో గడ్డి మొలిచిన వాహనాల మధ్య అతని కారు ఉంది. ఎడమవైపు ముందు భాగం నలిపేసిన కాగితంలా ఉంది. కుడివైపు అద్దం పగిలిందే తప్ప, చాలావరకు మనిషి కూర్చునేలాగే ఉంది. బిగుసుకున్న తలుపుని ఇక్కడికి తెచ్చాక కోసి పక్కన పడేశారు. కారుకి అవతలి పక్క అక్క నిలబడి ఉంది, చేతిసంచీ గుండెకి హత్తుకుని. అక్క వస్తుందని అతనికి ఎవరూ చెప్పలేదు.

ఇన్‌స్పెక్టరమ్మ వయసులో చిన్నదే. గొంతు పెంచకుండా మాట్లాడుతోంది. "మాస్టారూ, ఒక చిన్న సందేహం. అందుకే పిలిపించాను. దెబ్బకి ఈ డ్రైవరు సీటు కింద పట్టాలు వంగి, సీటు ఎక్కడున్నది అక్కడే బిగుసుకుపోయింది. ఇప్పుడు ముందుకీ జరగదు, వెనక్కీ జరగదు. ఒక్కసారి కూర్చుంటారా?"

కూర్చోనంటే సరిపోయేది. కానీ కాళ్లు వాటంతటవే నడిచాయి. కూర్చున్నాడు. వీపు సీటుకి ఆనింది. పాదాలు తిన్నగా వెళ్లి పెడళ్ల మీద ఆనాయి. చేతులు చాస్తే స్టీరింగ్ అందింది. ఒక అంగుళం అటు లేదు, ఇటు లేదు. బతుకంతా ఇతరుల ఒంటికి అమరిందో లేదో చూసినవాడికి తన ఒంటికి అమరిందని ఎవరూ చెప్పనక్కర్లేదు.

"మీ బావగారు ఎంత పొడుగండీ?" అంది ఇన్‌స్పెక్టరమ్మ.

బావ ఈ సీట్లో కూర్చుంటే మోకాళ్లు గెడ్డానికి తగులుతాయి. బావ నడిపిన ప్రతిసారీ ముందు సీటు చివరికంటా వెనక్కి తోసేవాడు, తోస్తూ, "మీ ఇంట్లో అందరికీ పొట్టి బుద్ధులే" అని ఎగతాళి చేసేవాడు.

"పోస్టుమార్టం చేసిన డాక్టరు ఆయన ఒంటి మీద బెల్టు గుర్తు ఎడమ భుజం మీద ఉందని రాశారు. ఎడమ భుజం అంటే పక్క సీటు. నేను అడగబోయేది మీకు తెలుసు. ముందు మీరే చెబుతారేమోనని చూస్తున్నా" అందామె.

అప్పుడు కూడా అతను వెంటనే నోరు తెరవలేదు. ఆ సంగతి అతనే తర్వాత భార్యతో చెప్పుకుని ఏడ్చాడు. ఇంకా ఏదైనా దారి ఉందా అని ఆ క్షణంలో కూడా అతని బుర్ర వెతికింది. టీ తాగాక నేను సీటు ముందుకి లాగానేమో, తర్వాత మళ్లీ బావ కూర్చున్నాడేమో అని ఒక మాట నాలుక చివరి దాకా వచ్చింది.

"దిగరా. ఇంక చాలు" అంది అక్క.

అతను దిగలేదు. స్టీరింగ్ పట్టుకునే, తల ఎత్తకుండా, "నేనేనమ్మా నడిపింది" అన్నాడు ఇన్‌స్పెక్టరమ్మతో.

"గుర్తొచ్చిందా?"

"లేదు. ఇప్పటికీ గుర్తులేదు. కానీ నేనే."

"ఎప్పుడు తెలిసింది మీకు?"

"ఆస్పత్రిలో. అద్దంలో చూసుకున్నప్పుడు."

ఇన్‌స్పెక్టరమ్మ ఏదో అడగబోయి, అక్క మొహం చూసి, కాగితాలు తెస్తానని లోపలికి వెళ్లింది. అక్క కారు చుట్టూ తిరిగి వచ్చి తలుపు లేని చోట నిలబడింది.

"నాకు అంతకుముందే తెలుసు" అంది. "ఆయన్ని చూపించడానికి నన్ను తీసుకెళ్లారు కదా. దుప్పటి తీస్తే ఎడమ భుజం మీద చార ఉంది. ఆ చార ఏంటో అప్పుడు అర్థం కాలేదు. ఆ మర్నాడు తెల్లవారుతూనే నీ దగ్గరికొచ్చాను. మందుల మత్తులో ఉన్నావు. ఒళ్లు తుడుద్దామని చొక్కా తీశాను. చిన్నప్పటినుంచి నీ ఒళ్లు తుడిచినదాన్నే కదరా."

అతనికి తల కొట్టేసినట్టయింది. వచ్చిన ప్రతిసారీ ఎదురుగా కూర్చుని ఇంకేంటి సంగతులని అడిగింది అందుకా. ఏం లేవని ప్రతిసారీ చెప్పాడు తను. మెడ దాకా గుండీలు పెట్టుకుని.

"ఎందుకడగలేదక్కా?"

"నువ్వే చెప్తావని చూశాను."

అక్క గొంతు మామూలుగానే ఉంది. అది అతన్ని ఇంకా భయపెట్టింది. తిట్టినా, కొట్టినా బాగుండుననిపించింది.

"కారు గోడకి గుద్దుకుందంటే అది నీ చేతిలో లేదనుకుంటాను. రేపో ఎల్లుండో మనసు అటు సర్దుకుంటుందేమో. భయపడి ఊఁ అన్నావు, దాన్ని కూడా ఎలాగో మింగుతాను. కానీ ఆయన నిద్రపోయాడన్నావటరా. డిపో అతను వచ్చి నాకు చెప్పాడు. నన్ను ఓదారుస్తూ చెప్పాడు, నిద్రకి ఎవడైనా ఒకటేనమ్మా అని. నేను కూర్చుని విన్నాను. ఆయన స్టీరింగ్ ముందు ఎన్నడూ కన్ను మూసిన మనిషి కాదు. అది నీకు తెలుసు. ఆ మాట నిన్ను ఎవరు అడిగారు?"

"ఎవరూ అడగలేదు" అన్నాడు మాస్టర్.

తన జన్మలో అంత చిన్నగొంతుతో ఎప్పుడూ మాట్లాడలేదు. ఆమె కళ్లలోకి చూద్దామని తల ఎత్తబోయాడు. ముఖం చెల్లలేదు. ఆమె చెప్పుల వంకే చూస్తూ, కాగితాలు వచ్చేదాకా అలాగే కూర్చున్నాడు.

తర్వాత జరగాల్సినవన్నీ జరిగాయి. కోర్టులో అతను లాయరు వద్దంటున్నా తప్పంతా ఒప్పుకున్నాడు. వేగం ఎక్కువని, బ్రేకు వేసిన జాడ లేదని నిపుణులు చెప్పారు. ఎందుకు వెయ్యలేదని జడ్జి అడిగితే, తెలియదన్నాడు. అందులో అబద్ధం లేదు. కొన్నాళ్లు జైలు శిక్ష పడింది, లైసెన్సు పోయింది. జైల్లో అతనికి కుట్టుమిషను ముందే పని ఇచ్చారు. భార్య దుకాణం మూయకుండా, చిన్నచిన్న కుట్లు తనే వేస్తూ నెట్టుకొచ్చింది. డిపోలో బావ ఫోటో పెట్టారు. మాస్టర్ ఆ రోజు జైల్లో ఉన్నాడు, బయట ఉన్నా వెళ్లే ధైర్యం ఉండేది కాదు.

విడుదలయ్యాక అక్క ఇంటి గుమ్మం ముందుకి వెళ్లి నిలబడ్డాడు. ఆమె తలుపు తీసింది. రమ్మంది. కూర్చోమంది. మంచినీళ్లిచ్చింది. వచ్చినవాళ్లందరికీ ఇచ్చినట్టే ఇచ్చింది. ఒకప్పుడు ఆ ఇంట్లో అతను తనే వంటింట్లోకి వెళ్లి గ్లాసు ముంచుకునేవాడు. ఇప్పటికీ వెళ్తుంటాడు, నెలకో రెండు నెలలకో. ఆమె మాట్లాడుతుంది. ఎండల గురించి, మోకాళ్ల నొప్పి గురించి. ఒరేయ్ అనడం మాత్రం మానేసింది. ఆ ఒక్క పిలుపు లేక అతను బయటికొచ్చాక వీధి చివరిదాకా తూలుతూ నడుస్తాడు.

అతను ఊహించనిది ఇంకొకటుంది. కోర్టు తీర్పు ఊరందరికీ చేరలేదు. అతను పుట్టించిన మాట మాత్రం ముందే నలుమూలలా వెళ్లిపోయింది, వెళ్లినచోటల్లా కాపురం పెట్టింది. ఎప్పుడు ఎవరి నోట ఊడిపడుతుందో తెలియదు.

మొన్నామధ్య ఒక పెద్దమనిషి కోటు కొలతలివ్వడానికి వచ్చాడు. దుకాణానికి కొత్త. మాటకారి. టేపు భుజాల మీద వేస్తుంటే అద్దంలోంచి చూస్తూ పలకరించాడు.

"మీ బావగారి బస్సులో చాలాసార్లు వెళ్లానండీ. ఎంత నిదానం. పాపం, చివరికి నిద్రే ఆయన్ని తినేసింది."

మాస్టర్ చెయ్యి ఆగింది. లోపల భార్య మిషను చప్పుడు కూడా ఆగింది. కొన్ని మాటలకి మనిషి గొంతు ఎన్నటికీ అలవాటు పడదేమో. ఇన్నిసార్లు చెప్పినా, ఈసారీ ఆ నాలుగు ముక్కలు బయటికి తేవడానికి అతనికి మొదటిసారంత కష్టమైంది. చెవులు వేడెక్కాయి.

"ఆయన నిద్రపోలేదండీ" అన్నాడు. "అసలు ఆయన నడపలేదు. నడిపింది నేను. నిద్రపోయాడని ఊళ్లో చెప్పింది కూడా నేనే. అబద్ధం చెప్పాను."

పెద్దమనిషి కిందకి చూశాడు. తన ఒంటి మీద ఉన్న ఆ చేతుల్ని ఏం చెయ్యాలో తెలియనట్టు కొంచెం బిగుసుకున్నాడు. కోటు వద్దని వెళ్లిపోతాడేమో అనుకున్నాడు మాస్టర్. కొందరు వెళ్లిపోయారు కూడా. ఆపడానికి తనకి హక్కులేదు.

ఆయన వెళ్లలేదు.

"చెయ్యి కాస్త ఎత్తండి" అన్నాడు మాస్టర్. ఆయన ఎత్తాడు.